క్రిసాంతో కెమెరా మార్చిన సంగతి

మా ఊరు గింబాల్‌లో ఆడవాళ్ళు పొద్దున్నే కాఫీకి నీళ్ళు పొయ్యి మీద పెట్టి, అవి మరిగేలోపు గోడ మీది ఫోటోలు గుడ్డతో తుడుస్తారు. తుడుస్తూ అందులోని మనుషుల్ని పరకాయించి చూస్తారు. హాంకాంగ్‌లో ఉన్న కూతురు కాస్త ఒళ్ళు చేసిందా, ఓడ మీదున్న మొగుడు గడ్డం పెంచాడా, సింగపూర్ చెల్లెలు మళ్ళీ జుట్టుకి రంగేసిందా అని. ఆ తర్వాత రొట్టెల కొట్టు దగ్గర నిలబడి అవే కబుర్లు.

"మా పెద్దాడికి కళ్ళ కింద నల్లబడిందే. పాపం నిద్ర ఉండట్లేదో ఏమో."

"నిద్ర లేకనా, తాగుడు ఎక్కువయ్యా? సరిగ్గా చూడు."

"నీ నోట్లో మన్ను పడ! నీ మొగుడనుకున్నావా?"

ఆ ఫోటోలన్నీ చర్చి వెనక సందులో క్రిసాంతో అనే ఆయన స్టూడియోలో తీసినవే. వాళ్ళ నాన్న కాలం నుంచీ ఒకే కంపెనీ కెమెరా. బాడీలు మారాయి, రీలు పోయి కార్డు వచ్చింది. లెన్సు బిగించే మౌంట్ మాత్రం మారలేదు గనక నాన్న కొన్న లెన్సులే కొడుకూ బిగించుకున్నాడు. ఆ లెన్సులతో తీస్తే ఫోటోలో మనిషి ఆగడు. అక్కడ చిక్కితే ఇక్కడ బొమ్మ చిక్కుతుంది, అక్కడ పన్ను ఊడితే ఇక్కడా ఊడుతుంది. బట్టలు మారవు, నవ్వు మారదు, ఒళ్ళు మాత్రం మారుతుంది. ఒక మనిషికి ఒక్క ఫోటోయే నడుస్తుంది, ఆఖరున తీసింది. కొత్తది తీసిన రోజున పాతది ఆగిపోయి మామూలు ఫోటో అయిపోతుంది. అందుకే మా ఊళ్ళో విదేశం పోయేవాళ్ళు పెట్టె సర్దుకున్నాక క్రిసాంతో దగ్గర ఒక ఫోటో దిగి మరీ జీప్నీ బండి ఎక్కుతారు.

ఆడపిల్లలకైతే ఇంకో ఏర్పాటు కూడా ఉంది. పోయినచోట ఫోన్ లాక్కుంటారు, పాస్‌పోర్టు లాక్కుంటారు. జుట్టు మాత్రం ఎవరిది వాళ్ళ నెత్తి మీదే ఉంటుంది కదా. కాబట్టి జుట్టు పొట్టిగా కత్తిరించేసుకుంటే "వచ్చి తీసుకుపొండి" అని అర్థం. చేపలమ్మే పాసింగ్ కూతురు అలాగే బయటపడింది. ఒక మంగళవారం పొద్దున ఫోటోలో పిల్లకి జుట్టు లేదు, చెంప మీద ఇస్త్రీపెట్టె మచ్చ ఉంది. పాసింగ్ ఆ ఫోటో చంకలో పెట్టుకుని ఇలోయిలో సిటీకి వెళ్ళి, పిల్లని పనికి పంపిన ఏజెన్సీ మెట్ల మీద మూడు రోజులు కూచుంది. వాళ్ళు ఫోటో చూశారు, నోరు మూసుకుని టికెట్టు తెప్పించారు. క్రిసాంతో ఫోటో అంటే ఆఫీసుల్లో కూడా అంత విలువ.

మరి అంత విలువైన కెమెరాని ఎందుకు మార్చాలనుకున్నాడయ్యా అంటే, పెళ్ళిళ్ళ వల్ల. పెళ్ళి ఫోటోలో కూడా మనిషి ఆగడు కదా. ఐదేళ్ళు తిరిగేసరికి ఆ తెల్ల గౌనులోంచి ముగ్గురు పిల్లల తల్లి చూస్తుంటుంది. "ఆ ఒక్క రోజైనా నన్ను అందంగా ఉండనివ్వవా అన్నా?" అని ఒకావిడ ఫ్రేముతో సహా తెచ్చి బల్ల మీద పడేసి పోయింది. కౌన్సిలర్ గుమాపాస్ గొడవ ఇంకోటి. ఎన్నికలని మార్చిలో క్రిసాంతో తీసిన ఫోటోతో ఊరంతా ఫ్లెక్సీలు కట్టించాడు. ప్రచారమని తాగీ తినీ తిరిగాడేమో, మే నెలకల్లా ప్రతి కరెంటు స్తంభం మీదా ఆయన గడ్డం కింద ఇంకో గడ్డం వేలాడింది. ఓడిపోయాడు. ఓడినందుకు జనాన్ని తిట్టడం మానేసి క్రిసాంతోని తిట్టాడు. కుర్రజంటలన్నీ సిటీకి పోయి, తీసినట్టే ఉండిపోయే ఫోటోలు దిగి రావడం మొదలుపెట్టాయి.

దానికి తోడు కళ్ళు. క్రిసాంతోకి యాభై నాలుగేళ్ళు. నాన్న లెన్సులకి చేత్తో తిప్పి ఫోకస్ చెయ్యాలి. కంటి మీద కుదిరిందనుకుని నొక్కితే చెవి మీద కుదిరేది. పైగా బాడీలో షట్టర్ ఒక్కోసారి పడేది, ఒక్కోసారి అలిగేది. విడిభాగాలు రావడం మానేసి మూడేళ్ళయింది.

సిటీలో కెమెరాల షాపాయన ఒకరోజు కొత్త కంపెనీది చేతిలో పెట్టాడు. "ఇంకెన్నాళ్ళు మోస్తావన్నా ఆ ఇనప గుండ్లు? ఇదిగో, దీనికి లోపల అద్దం లేదు, చప్పుడు లేదు. మనిషి కన్ను ఎక్కడుందో అదే వెతుక్కుంటుంది. నువ్వు నొక్కడమే."

క్రిసాంతో షాపు అద్దంలోంచి రోడ్డవతల జామకాయలు కోస్తున్న ఒక ముసలామె వైపు పెట్టాడు. ఆమె కనురెప్పలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేలా కనబడ్డాయి. ఎన్నేళ్ళయిందో అలా చూసి. ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. షాపాయన ముందు పరువు పోతుందని ఏసీ గాలి పడలేదన్నాడు.

బేరం ఏంటంటే, పాత లెన్సులూ బాడీ అన్నీ ఇచ్చేస్తేనే కొత్తది. ఒక్కటి కూడా ఉంచుకోవడానికి లేదు. పాత లెన్సుని కొత్త బాడీకి కలిపే అడాప్టర్ రింగు ఒకటి ఉందంటే, అదీ, కొత్త బాడీ ఒకటీ అడిగి తెచ్చి తన పందెం పుంజు మీద పరీక్ష చేశాడు. మూడు రోజులు ఆ ఫోటో బాగానే నడుస్తున్నట్టు అనిపించింది. నాలుగో రోజు బరిలో దాని కన్ను పోయింది. ఫోటోలో మాత్రం రెండు కళ్ళూ భేషుగ్గా ఉన్నాయి. అంటే ఉంటే పూర్తిగా పాతది, లేదంటే పూర్తిగా కొత్తది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టే వీలు లేదు.

సరిగ్గా అప్పుడే కూతురు రోవెలిన్‌కి గల్ఫ్‌లో ఇంటిపని వీసా వచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. నడుం దాకా జుట్టు.

ఎండు చేపా అన్నం ముందు పెట్టుకుని ముగ్గురూ మాట్లాడుకున్నారు. క్రిసాంతో భార్య మెల్చోరా ససేమిరా అంది. "పాసింగ్ కూతురు ఇవాళ బతికుందంటే ఆ లెన్సు పుణ్యమే. ఊళ్ళో అందరి పిల్లలకీ అది కావాలి, నీ పిల్లకి అక్కర్లేదా?"

"నా పిల్లకి డిగ్రీ ఫోటో ఉందిగా! పాతదాంతో తీసిందేగా అది? మొన్న పన్ను పీకించుకుంటే అందులో బుగ్గ వాచలేదూ?"

"మరి కొత్తదాంతో ఫోటో తీస్తే అది ఆగిపోదా?"

"ఎందుకాగుతుందే? ఆ కంపెనీ వేరు, ఈ కంపెనీ వేరు. దాని లెన్సు దీనికి పట్టను కూడా పట్టదు. వీటి మధ్య చుట్టరికం ఏముందని ఆగుతుంది?"

"నీకు తెలుసా, అనుకుంటున్నావా?"

"నలభై ఏళ్ళ నుంచి ఇదే పని చేస్తున్నానే. నాకు చెప్తావా?"

రోవెలిన్ తండ్రి పక్షం తీసుకుంది. "మార్చుకోనీవే అమ్మా. నిన్న నన్ను చూసి నాన్న నీ పేరు పెట్టి పిలిచాడు. నాకేమో ఏడుపొచ్చింది, నీకు సంతోషం వేసి ఉంటుంది."

మెల్చోరా నవ్వేసింది. అంతటితో ఆ మాట తెగిపోయింది.

ఇంత నలభై ఏళ్ళ పనిమంతుడు, ముందు తన మొహమే కొత్తదాంతో తీసుకుని, తన పాత ఫోటో ఆగుతుందో లేదో నాలుగు రోజులు చూసి ఉండొచ్చు. నాలుగే నాలుగు రోజులు. చూడలేదు. షాపాయన శనివారం దాకానే ఆ బేరం అన్నాడని, శుక్రవారం పొద్దున లెన్సులన్నీ తువ్వాలుల్లో చుట్టి, బియ్యం సంచిలో వేసుకుని సిటీ బస్సెక్కాడు. మధ్యాహ్నానికి కొత్త కెమెరాతో దిగాడు.

రోవెలిన్ అప్పటికే పెట్టె సర్దేసి, ఏజెన్సీ వాళ్ళిచ్చిన పసుప్పచ్చ చొక్కా వేసుకుని స్టూడియోలో స్టూలు మీద కూచుంది. "బోణీ నాతోనే చెయ్యి నాన్నా. నా చెయ్యి మంచిది, చూడు, రేపట్నుంచి జనం కిటకిటలాడతారు." బోణీ అంటే మా ఊళ్ళో ఎవరూ కాదనరు. క్రిసాంతో కెమెరా ఎత్తాడు. చప్పుడే లేదు.

"తీశావా?"

"తీశాను."

అదీ జరిగింది. పిల్ల మర్నాడు వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి అన్నట్టే జనం వచ్చారు. పెళ్ళిళ్ళు తిరిగొచ్చాయి, గుమాపాస్ కూడా తిరిగొచ్చాడు. మొదటి నెల ఆదివారం ఆదివారం రోవెలిన్ ఫోన్ చేసింది. రెండో నెల నుంచి ఫోన్ లేదు, "బాగున్నాను, పని ఎక్కువ" అని మెసేజ్ ఒక్కటే వచ్చేది. ఆ మెసేజ్ వాళ్ళ మేడమ్ పెట్టిందో, పిల్లే పెట్టిందో ఎవరు చూశారు? మెల్చోరా కంగారు పడినప్పుడల్లా క్రిసాంతో డిగ్రీ ఫోటో దగ్గరికి తీసుకుపోయి నిలబెట్టేవాడు. "చూడు. బుగ్గ తగ్గిందా? మచ్చ పడిందా? జుట్టు ఉందా లేదా? ఇంకెందుకే ఏడుపు?"

నిజమే, ఉంది. నల్లటి డిగ్రీ టోపీ కింద నుంచి నడుం దాకా నిగనిగలాడుతూ ఉంది.

ఐదో నెలలో ఒక పొద్దున మెల్చోరా ఫోటో తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది. "ఏవయ్యా, ఇలా రా. గడ్డం మీద ఈ మొటిమ చూడు."

"ఆ, అక్కడ ఎండలెక్కువ."

"ఎండలు సరే. ఇది అది వెళ్ళేనాటి మొటిమ. విమానం ఎక్కేలోపు పోతుందా అని నన్ను పది సార్లు అడిగింది. ఐదు నెలలు ఒకే చోట, ఒకే సైజులో మొటిమ ఉంటుందా ఏ ఆడపిల్లకైనా?"

క్రిసాంతో ఫోటోని గోడ మీంచి తీసి కిటికీ దగ్గరికి పట్టుకుపోయాడు. కళ్ళకి మరీ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత బోణీ ఫోటో తెచ్చి పక్కన పెట్టి చూశాడు, అందులోనూ అదే మొటిమ. వేరే కంపెనీ అయితేనేం, మనిషి ఒక్కతే, తీసిన చెయ్యీ ఒక్కటే కదా. బోణీ ఫోటో తీసిన ఆ మధ్యాహ్నమే డిగ్రీ ఫోటో ఆగిపోయింది. పిల్ల ఏ ఫోటోలోనూ లేదు. ఆ పుంజుకైనా ముందు పాత కెమెరాతో ఒక ఫోటో తీసి ఉంటే ఈ సంగతి ఎప్పుడో తేలేది. పుంజుకి ఫోటోలు ఎవడు తీస్తాడు!

మెల్చోరా తిట్టలేదు. తిట్టినా బాగుండేదని తర్వాత ఆయనే అన్నాడు. మర్నాడు చీకట్లోనే బయల్దేరి ఇద్దరూ ఏజెన్సీకి పోయారు. అక్కడి ఆఫీసరమ్మ రెండు ఫోటోలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూసింది.

"రెండింట్లోనూ పిల్ల చక్కగా ఉందిగా?"

"అవి ఆగిపోయాయమ్మా."

"ఆగిపోయిన ఫోటోలు పట్టుకొచ్చి నన్నేం చెయ్యమంటారు? జుట్టు తీసిన ఫోటో ఉంటే పట్రండి, ఈ పూటే పిలిపిస్తాను. మొటిమ తగ్గలేదని కేసు రాయమంటారా?"

లెన్సుల కోసం షాపుకి పోతే, మనీలా నుంచి ఎవరో పెద్దాయన కొనుక్కుపోయి అద్దాల బీరువాలో అలంకరించుకున్నాడని చెప్పారు. అవి దొరికినా ఏం లాభం, తీయడానికి పిల్ల ఇక్కడ ఉండాలిగా. మెల్చోరా ఎక్కని మెట్టు లేదు, పెట్టని అర్జీ లేదు. పాసింగ్ కూడా తోడు వెళ్ళి ఏజెన్సీ మెట్ల మీద కూచుంది. ఈసారి ఎవరూ టికెట్టు తెప్పించలేదు. క్రిసాంతో పెళ్ళిళ్ళు తీస్తూనే ఉన్నాడు, ఏం చేస్తాడు. ఒప్పుకున్న రెండేళ్ళూ గడిచేదాకా చూడటమే అయింది వాళ్ళ పని.

రెండేళ్ళ మీద పదకొండు రోజులకి రోవెలిన్ ఇంటి ముందు జీప్నీ దిగింది. తలకి గట్టిగా గుడ్డ చుట్టుకుని ఉంది. లోపలికొచ్చి, అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు నిలబడే తాగి, గుడ్డ విప్పింది. నెత్తి మీద చాలాచోట్ల బోడిగా ఉంది, కొన్నిచోట్ల గాట్లు మానిన గీతలు. ఎడమ చేతి రెండు వేళ్ళు సరిగా ముడుచుకోవట్లేదు.

"మూడో నెలలోనే కత్తిరించుకున్నాను" అంది. గొంతులో కోపం లేదు, జరిగింది చెబుతోందంతే. "వారం చూశాను, రాలేదు. ఊళ్ళో లేరేమో అనుకున్నాను. మళ్ళీ కత్తిరించాను. సరిగ్గా కనబడట్లేదేమో, నాన్న కళ్ళు బాగాలేవు కదా అని బ్లేడుతో మొత్తం గీసేశాను. మేడమ్ పిచ్చిదాన్నని గదిలో పెట్టి తాళం వేసింది. పెరిగినప్పుడల్లా గీశాను నాన్నా. రెండేళ్ళూ గీస్తూనే ఉన్నాను."

మెల్చోరా కూతుర్ని పట్టుకుని బావురుమంది. రోవెలిన్ తల్లి భుజం మీంచి గోడ వైపు చూసింది. అక్కడ రెండు ఫోటోలు, రెండింట్లోనూ నడుం దాకా జుట్టు. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఫోటోలు తీసేవాడి ఇంట్లో పుట్టిన పిల్ల.

క్రిసాంతో తలుపు పక్కన నిలబడిపోయాడు. "నాకు తెలీదమ్మా" అన్నాడు. "చుట్టరికం లేదనుకున్నాను."

రోవెలిన్ గుడ్డ మళ్ళీ తలకి చుట్టుకుంది. ఆ తర్వాత, ఊరి నుంచి వచ్చిన బంధువు కుశలం అడిగినట్టు అడిగింది: "కొత్త కెమెరా బాగా పనిచేస్తోందా నాన్నా?"

"బాగా పనిచేస్తోంది" అన్నాడు క్రిసాంతో. ఏం చెప్తాడు మరి, నిజంగానే బాగా పనిచేస్తోంది.