పక్క సర్దినవాళ్ల వెంట

పొద్దున్నే ఏడింటికి చిన్నది సంచీ పుచ్చుకుని కూరగాయలకు బయల్దేరితే, వెనకాలే అమ్మ మంచం కూడా బయల్దేరేది. నలభై నాలుగేళ్లొచ్చినా ఇంట్లో కడగొట్టు పిల్ల కాబట్టి ఆమె ఇంకా చిన్నదే. అమ్మకి పక్షవాతం వచ్చి ఆరేళ్లయింది. మంచం టకటకా నడుస్తుంటే అమ్మ దిండుకి ఆనుకుని వీధిలో అందరినీ పలకరించేది. దర్జీ తన కుట్టుమిషను కాస్త లోపలికి జరుపుకునేవాడు. బస్సు కండక్టరు మాత్రం "మంచం వెనక తలుపులోంచి ఎక్కాలమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి?" అని విసుక్కునేవాడు.

ఇందులో వింతేం లేదు. పక్క ఎవరు సర్దితే మంచం వాళ్ల వెంట వెళ్తుంది. ఆ సంగతి తెలుసు కనకే, అమ్మని చూడటానికి వచ్చిన చుట్టాలెవరూ దుప్పటి జోలికి పోయేవాళ్లు కాదు. కుర్చీ లాక్కుని కూర్చునేవాళ్లు, కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు, "చిన్నది బంగారం" అని మెచ్చుకునేవాళ్లు. బంగారానికి సెలవు అక్కర్లేదని వాళ్ల నమ్మకం.

అందరిలోకీ జాగ్రత్తపరుడు అన్నయ్య. లెక్కల మాస్టారు. ప్రతి ఆదివారం పళ్లతో వచ్చి, మందుల చీటీలు తిరగేసి, కిటికీలు తెరిచి ఉంచాలనీ ఉప్పు తగ్గించాలనీ సలహాలు చెప్పి, దుప్పటి మార్చే వేళకి గడియారం చూసుకుని లేచేవాడు. చెడ్డవాడు కాదు. అమ్మంటే ప్రాణమే. ఆ ప్రాణం మంచానికి జానెడు దూరంలో ఆగిపోయేది, అంతే.

ఆ ఆదివారం చిన్నది ఒక మాట కదిపింది. ఒకప్పుడు ఆమె ప్రెస్సులో అచ్చు యంత్రం నడిపేది. కాగితం మీద రంగు వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టేస్తుందని పేరు. ఇప్పుడు కొత్త యంత్రం వచ్చిందనీ, నేర్పించి ఆమెకే అప్పగిస్తామనీ మేనేజరు కబురు పెట్టాడు. ఇలా పిలవడం ఇది మూడోసారి. మొదటిసారి ఆమె మంచంతోనే వెళ్లింది. యంత్రానికీ గోడకీ మధ్య మనిషి ఒక్కరు పట్టేంత చోటే ఉంది. మంచం ఇరుక్కుని రోజంతా పని ఆగిపోయింది. రెండోసారి ఆమే రానంది. ఈ సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు.

"మంచి అవకాశమే. కానీ అమ్మ సంగతి ఆలోచించాలిగా" అన్నాడు అన్నయ్య.

"ఆలోచించు. అందుకేగా నీకు చెప్పింది."

"నీకున్న ఓపిక మాకెవరికీ లేదే."

"నేనేమైనా ఓపికతో పుట్టానా?" అని చిన్నది కాగే నీళ్లు దించడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమెకి ఒళ్లు మండింది. అమ్మ వింటుందని నోరు కట్టేసుకుంది.

అమ్మ విననే వింది.

"ఒరే, నడుం కింద ముడత పడిందిరా. గుచ్చుకుంటోంది. సరిచెయ్యి."

అన్నయ్య వంటింటివైపు తిరిగాడు. "చెల్లీ, అమ్మకి..."

"దాన్ని పిలవకు. నిన్ను అడిగాను."

ఆరేళ్లలో అమ్మ అతన్ని ఏదీ అడగలేదు. అతను అమ్మ మొహం చూశాడు, గుమ్మం చూశాడు, మళ్లీ అమ్మ మొహం చూశాడు. కన్నకొడుకు, రాయేం కాదు. లేచి, చొక్కా చేతులు మడిచి, అమ్మ నడుం కింద చెయ్యి పెట్టాడు. ఒక ముడత లాగితే ఇంకో రెండు లేచాయి. అరవై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టే మాస్టారికి ఒక్క దుప్పటి లొంగడానికి పావుగంట పట్టింది. నాలుగు మూలలూ లాగి, పరుపు కింద దోపి, నుదురు తుడుచుకున్నాడు.

"హాయిగా ఉందిరా" అంది అమ్మ.

అతను చెప్పులేసుకుని గుమ్మం దాటాడో లేదో, మంచం వెంట బయల్దేరింది.

"అమ్మా, మాది మూడో అంతస్తు!"

"దీనికి నాలుగు కాళ్లున్నాయి. నీకన్నా రెండెక్కువ."

"నీ కోడలికి ఏం చెప్పను?"

"తలుపు రెండు రెక్కలూ తీసి ఉంచమను. పక్క మాత్రం నువ్వే సర్దాలి. కోడలి చేత సర్దించావంటే రేపు నేను దాని ఆఫీసులో ఉంటాను. అక్కడ నీ చిన్నప్పటి సంగతులన్నీ చెబుతాను, చూస్కో."

చిన్నది తడి చేతులతోనే వీధిలోకి పరుగెత్తింది. "అమ్మా!"

"నువ్వు రాకు. కొడుకింటికేగా వెళ్తున్నాను."

చిన్నది ఆగిపోయింది. ఇన్నాళ్లూ ముందు నడిచింది తనే. ఆ మంచాన్ని వెనకనుంచి చూడటం ఇదే మొదటిసారి. పొద్దున తను వేసిన అమ్మ జడ కాస్త వంకరగా ఉంది. ఆమెకి ఏడుపొచ్చింది, దానితోపాటే నవ్వూ వచ్చింది. రెండిటినీ రానిచ్చింది.

సాయంత్రం ఫోను మోగింది.

"చెల్లీ, అమ్మని ఏ పక్కకి తిప్పాలే?" అన్నయ్య గొంతులో సలహాలన్నీ ఆవిరైపోయాయి.

"ఎడమ పక్కకి. కుడిచెయ్యి నలగకుండా చూసుకో. మోకాళ్ల మధ్య దిండు పెట్టు. ముందు నీ చేతులు రుద్దుకుని వెచ్చ చేసుకో అన్నయ్యా, చల్లచేతులతో ముట్టుకుంటే ఉలిక్కిపడుతుంది."

అవతల చేతులు రుద్దుకుంటున్న చప్పుడు వినిపించింది. అది ఆగేదాకా విని, ఫోను పెట్టేసి, ప్రెస్సు మేనేజరుకి చేసింది. బుధవారం రమ్మన్నాడు. బుధవారం దాకా ఎందుకు, రేపే వస్తానంది.