ఈశ్వరమ్మ అర్రకు గాలి

పెద్దేముల్ ఊర్ల ఆ నాపరాయి ఇంటికి రెండే కిటికీలు ఉండె. రజాకార్ల భయానికి ఈశ్వరమ్మ మామ వాటిని గూడ బండలతోని మూయించిండు. రజాకార్లు పోయిన్రు, మామ పోయిండు, బండలు మాత్రం గట్లనే ఉన్నయి. వెలుతురుకని మిద్దె కప్పుకు తీసిన ఒక్క గవాచికి వానపడితే మూత పెట్టేది. పొయ్యి పొగ ఎటు పోవాల్నో తెలువక ఇంట్లనే తిరిగేది.

ఆ ఇంటి పెద్దకోడలు ఈశ్వరమ్మ. చిన్నకోడలు రాధమ్మకు క్షయ పట్టి అనంతగిరి దవాఖానల పడితే, ఇల్లంత ఈశ్వరమ్మ నెత్తినే పడ్డది. వంట, పాడి, మంచంల దగ్గుకుంట పండే అత్త ఇంద్రమ్మ, అన్నీ తనే చూసుకున్నది. రాధమ్మ బిడ్డ సుమిత్రను గూడ తనే సాకింది. పెండ్లయి ఏండ్లు గడిచినా ఈశ్వరమ్మకు పిల్లలు కాలే. తల్లి దవాఖానకు పోయిననాడు ఇంకా పాలు మరువని ఆ పిల్ల, ఇప్పుడు ఆమె కొంగు పట్టుకోనిదే పండది.

ఏడాది దాటినంక రాధమ్మ నయమై ఇల్లు చేరింది. చేరుడుతోనే మరిది హనుమంతు తాండూరు నుంచి మేస్త్రి ఈరయ్యను పిలిపించి, భార్య అర్ర వెనుక గోడకు పెద్ద కిటికి పెట్టించిండు. ఎదురుగోడకు, కప్పు కింద, ఇంకో సందు తీయించిండు.

"గాలి ఇటు వచ్చి అటు పోవాలెనట. గోడలకు చెమ్మ పట్టొద్దన్నడు డాక్టరు" అని కనవడ్డోళ్లకల్ల చెప్పిండు.

సున్నం కలుపుటానికి నీళ్లు మోసింది ఈశ్వరమ్మనే. ఆ పొద్దు మొగనికి అన్నం పెట్టుకుంట అన్నది: "రోగమొస్తే కిటికి పెట్టిస్తరన్నమాట. నాకు రాకపాయె."

"గట్లనకు. చావుదాక పోయొచ్చిన పిల్ల" అన్నడు పాండురంగం.

"నేనేడికి పోలే. పొయ్యి కాడనే ఉన్న. గందుకే ఎవ్వరికి కనవడ్తలేను."

శ్రావణంల ముసురు పట్టింది. ఈశ్వరమ్మ అర్రల నేలబండలు చెమర్చినయి. గుమ్మిల జొన్నలు ముక్కిన వాసన కొట్టినయి. సందుగపెట్టె తెరిస్తే పెండ్లిచీరె మడతల మీద తెల్లగ బూజు. ఆ చీరెను దులుపుకుంట రాధమ్మ అర్ర దిక్కు పోయింది. ఆడ దండెం మీది బట్టలు ఊగుతున్నయి, నేల పొడిగ ఉన్నది. దర్వాజ కాడ జరసేపు నిలవడ్డది. మొకానికి చల్లగ తగిలిన గాలి కడుపుల మంట లేపింది.

మరునాడు, ఈశ్వరమ్మ అర్రలనే పండే ఇంద్రమ్మ అన్నది: "నా మంచం చిన్నదాని అర్రల ఏయుండ్రి. ఈడ ఊపిరాడ్తలేదు."

"ఇన్నొద్దులు ఈడనే ఆడె గద, అత్తా."

"గప్పుడు ఇంకో తావు లేకుండె, బిడ్డా."

ముసలామె చెడు మనసుతోని అనలే. గని ఈశ్వరమ్మకు ఆ మాట ముల్లు లెక్క దిగింది. ఇన్నేండ్లు ఎత్తి కూసోబెట్టిన, కషాయాలు కాచి తాపిన. తావు లేకనే ఉన్నదా నా కాడ? ఆ పొద్దే మంచం రాధమ్మ అర్రకు మారింది.

హనుమంతు తాండూరు గంజి బజారుకు పోయిననాడు, ఆమె దొడ్లెకు పోయి కందికట్టె మోపులన్ని తెచ్చి రాధమ్మ కిటికి ముంగట పేర్చింది. కట్టె తడుస్తున్నదని, చూరు కింద పెడుతున్ననని తనకు తనే చెప్పుకున్నది. ఆ అర్ర చీకటాయె. జరసేపటికే లోపల ఇంద్రమ్మ దగ్గు మొదలైంది.

రాధమ్మ బయటికొచ్చి చూసింది. బరువు ఎత్తొద్దని డాక్టరు చెప్పి పంపిండు. అయినా ఒక్కొక్క మోపు గుంజి పక్కకు ఏయబట్టింది. వెనుక దర్వాజల నిలవడి ఈశ్వరమ్మ చూస్తున్నది. ఎయ్యనీ, ఎంతసేపు ఏస్తదో, అనుకున్నది. రాధమ్మ చెయ్యి రొమ్ము మీద పెట్టుకొని గోడకు జారగిలబడి కూసున్నది. మొకం మీద వాన కొడుతున్నది.

అప్పుడు ఉరికింది ఈశ్వరమ్మ. నెత్తురు పడ్డదేమోనని ముందుగాల నోటిదిక్కు చూసింది. పడలే. మిగిలిన మోపులన్ని తనే గుంజి పారేసింది.

"నా కిటికి జూస్తే నీకు కండ్లమంట. నాకు ఎరుకే, అక్కా" అన్నది రాధమ్మ, ఊపిరి కుదురుకున్నంక.

ఈశ్వరమ్మ చేతులకంటిన చెత్త దులుపుకున్నది.

"నాకు దేన్ని జూస్తే మంటనో చెప్పాల్నా? దవాఖానల పొద్దుకల్ల నా బిడ్డనే తలుసుకున్న. ఇంటికొచ్చి చేతులు చాపితే అది నీ కొంగు ఎనుక దాసుకున్నది. కన్నది నేను, అవ్వా అని పిలిచేది నిన్ను. కిటికి తీస్కొని నా పిల్లనియ్యమని అడగబుద్ధైతది."

రాధమ్మ మొకం మీది వాననీళ్లు తుడుచుకున్నది.

"పిల్ల నీ కాడనే పండనీ. గని పొగల, చెమ్మల పండి నిద్రల దగ్గుతున్నది, నువ్వు ఇనలేదా? నా మీద కోపానికన్న ఓ కిటికి పెట్టిచ్చుకో."

ఇన్నది. ఆ దగ్గు ఈశ్వరమ్మ రోజు ఇంటున్నది. ఆ మాటే ఆమెతోని పనిచేయించింది.

వాన తెరపియ్యంగనే ఈరయ్య వచ్చిండు. రాధమ్మ దానికన్న జానెడు పెద్దగ ఉండాలెనని ఈశ్వరమ్మ పట్టువట్టింది. బయటి గోడకు కిటికి లేసింది. వెలుతురైతే వచ్చింది గని గాలి ఆడలే. దీపం వత్తి గూడ కదలలే.

"వచ్చిన గాలి పోనీకి తొవ్వ ఏది, పటేలమ్మా?" అన్నడు ఈరయ్య. "ముందర పొయ్యి, ఎనుక కొట్టం. తొలిస్తే గీ నడిమి గోడనే తొలవాలె."

నడిమి గోడ అవతల రాధమ్మ అర్ర. పెద్ద కిటికి పెట్టుకొని ఉక్కపోతల కూసున్నది ఈశ్వరమ్మ, అడగాలంటే నోరు రాక. సుమిత్ర మల్ల దగ్గంగ, లేచి రాధమ్మ కాడికి పోయింది.

"రాధమ్మా, నడిమి గోడకు పైన సందు తీస్త. నా మాటలు నీకు, నీ మాటలు నాకు ఇనవడ్తయి మరి."

"ఇననియ్యి, అక్కా."

సందు పడ్డది. గాలి ఆ అర్రల నుంచి ఈ అర్రలకు తిరుగుడు మొదలైనంక గోడలు ఆరినయి, జొన్నల వాసన పోయింది, పిల్ల దగ్గు తగ్గింది. ఇంద్రమ్మ మంచం మాత్రం మల్ల ఇటు రాలే.

చలికాలం ఓ పగటిపూట, సందుల నుంచి సుమిత్ర గొంతు ఇనవడ్డది. "అవ్వా" అని పిలుస్తున్నది, రాధమ్మను. ఈశ్వరమ్మ చేతుల పిండి చేతులనే ఉండిపాయె. ఓ పాతగుడ్డ కుక్కితే ఆ గొంతు ఇనవడదు. జరసేపు ఆ సందునే చూసింది. కుక్కలే.

"సుమిత్రా, రొట్టె అయింది" అని గోడ మీదికి కేకేసింది.

అవతల నుంచి తల్లి, బిడ్డ ఇద్దరు పలికిన్రు. ఈశ్వరమ్మ మొకం ముడుచుకొని, ఇంకో రొట్టెకు పిండి కలిపింది.