తగిలినవాడే చెప్పాలి

కోటు కుడి తుంటి దగ్గర మళ్లీ చిరిగింది. పోయిన వారమే రెండు వరసలు కుట్టాను. అయినా అదే చోట కుట్లు విచ్చుకుని లోపలి దూది బయటికొచ్చింది. శనివారం పొద్దున్నే దళం కోట్లన్నీ సబ్బునీళ్లలో నానబెట్టాలి. నానబెట్టే ముందు ఒక్కోదాన్నీ కిటికీ వెలుతురుకి పట్టుకుని చూడడం నా అలవాటు. పద్దెనిమిది కోట్లు, పద్దెనిమిది మంది మగవాళ్ల చెమట. నీళ్లు మూడుసార్లు మార్చినా ఆ వాసన చేతులకి సోమవారం దాకా ఉంటుంది.

"నాదే కదూ అది. ఈసారైనా గట్టిగా కుట్టవే. కొట్లో వాళ్లకైతే బాగానే కుడతావుగా" అన్నారు మా ఆయన, ఫోన్లోంచి తలెత్తకుండా.

కుట్టు గట్టిగానే ఉంది. అక్కడే దెబ్బలు పడుతున్నాయి. ఆ మాట పైకి అనలేదు. దళంలో ఆయనకి దెబ్బ తగిలిందని ఎవరూ అనకూడదు.

మా ఆయన బీమా ఆఫీసులో గుమాస్తా. ఆదివారం మాత్రం దైమ్యో. నాలుగేళ్ల క్రితం ఇంటర్నెట్‌లో జపాను యోధుల గురించి చదివి, తెలిసినవాళ్లని పోగేసి, మూతబడిన ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో కత్తియుద్ధాల దళం పెట్టారు. నిజం కత్తులు కావు. లోపల ప్లాస్టిక్ పైపు, చుట్టూ పరుపుల కొట్టు నుంచి తెచ్చిన ఫోము, పైన గుడ్డ టేపు. వాటిని చేసేది నేను. దళంలో నాలుగు మెట్లు. అడుగున అషిగరు, అంటే కాలిబంటు, తెల్ల నడికట్టు. ఆపైన సమురాయ్, నీలం. ఆపైన హతమోతో, ప్రభువు జెండా పక్కన నిలబడేవాడు, ఎరుపు. అందరి మీదా దైమ్యో, నలుపు. నలుపు ఒక్కటే ఉంది. ఆ నడికట్లు కుట్టేదీ నేనే. మా అత్తయ్యకి ఆ పేరు నోరు తిరగక "మావాడు దయ్యమయ్యాడటమ్మా" అని పక్కింటావిడతో మురిసిపోతూ చెప్పుకునేవారు. అందరూ నవ్వేవారు. నేనొక్కదాన్నే నవ్వలేకపోయేదాన్ని.

ఒక్కో మెట్టుకీ ఇన్ని కోకులని విలువ కట్టారాయన. కోకు అంటే ఆ దేశంలో ఒక మనిషి ఏడాది పొడుగునా తినే బియ్యమట. అషిగరుకి ఒక కోకు, సమురాయ్‌కి వంద, హతమోతోకి వెయ్యి, దైమ్యోకి పదివేలు. పదివేల మందికి సరిపడే బియ్యానికి ప్రభువైన మా ఆయనకి, ముగ్గురికి కుక్కర్లో ఎన్ని గ్లాసులు పెట్టాలో తెలియదు. ఆదివారం మధ్యాహ్నం ఆ పద్దెనిమిది మందికీ అన్నం వండి, గిన్నెలు ఆటోలో వేసుకుని ఫ్యాక్టరీ వెనక్కి తీసుకెళ్లేది నేను. నాకు మెట్టు లేదు. "నువ్వు దళానికి ప్రాణంలాంటిదానివి. ప్రాణానికి ర్యాంకేంటి" అనేవారు.

నియమాల పుస్తకం ఆయన చెబుతుంటే నేనే రాశాను. బడిలో గుండ్రటి అక్షరాలకి నాకు బహుమతి వచ్చింది, ఆ సంగతి ఆయనకి నచ్చిన నా సుగుణాల్లో ఒకటి. అన్నిటికంటే పైన ఎర్ర సిరాతో రాయించిన నియమం ఇది: తగిలినవాడే చెప్పాలి. దెబ్బ పడినప్పుడు పడినవాడు తనంతట తాను 'తగిలింది' అనాలి. కొట్టినవాడు అనకూడదు, చూసినవాళ్లు అసలే అనకూడదు. యోధుడి మాటే సాక్ష్యం. ఆ మాట అనగానే ఆట ఆగుతుంది, అందరూ కత్తులు దించుతారు. అనకపోతే తగలనట్టే లెక్క, ఆట సాగుతుంది. రాస్తున్నప్పుడు నాకెంతో బాగుందనిపించింది. మనిషిని అంత నమ్మడం.

ఇంట్లో ఆ నియమం లేదు. ఫోము చుట్టకముందే పైపు ఊపు చూసుకోవాలి ఆయన. "కాస్త అలా నిలబడు" అనేవారు. పొయ్యి మీద పాలున్నా, చేతిలో తడిబట్టలున్నా నిలబడాలి. భుజం మీదో మోచేతి మీదో ఒట్టి పైపు పడేది. "తగిలిందండీ" అంటే "అబ్బే, తాకిందంతే" అనేవారు. అత్తయ్య హాల్లోంచే "సరదాగా ఆడుతుంటే ఏడుపు మొహమేంటే" అనేవారు. మొదట్లో నిజంగానే ఊపు చూడడానికి. తర్వాత్తర్వాత కూరలో ఉప్పెక్కువైన రోజున, ఆఫీసులో పైవాడు ఏదో అన్న రోజున కూడా ఊపు చూడాల్సి వచ్చేది.

అందుకే నాకు నడికట్టు కావాలనిపించింది. నేను 'తగిలింది' అంటే ఎక్కడో ఒకచోట ఆట ఆగాలి. అంతకు మించి ఇంకేం కోరుకోలేదు.

నేను పనిచేసే బట్టల కొట్లో నా మిషను వెనక గదిలో ఉంటుంది. "వెనక మిషనుకి ఇచ్చేయండి, పొట్టి చేసేస్తుంది" అంటాడు యజమాని, నన్నూ మిషన్నీ కలిపి ఒకే మాటగా. అక్కడ కూర్చుని నేర్చుకున్నదొకటుంది. బట్టని చూస్తే మనిషి ఎటు ఒరుగుతాడో, ఏ జేబులో చేయి పెట్టుకుంటాడో తెలిసిపోతుంది. దళం కోట్లూ అంతే. పళ్ల డాక్టరు ఎడమ భుజం దించేస్తాడు. డ్రైవింగ్ మాష్టారు వెనక్కి అడుగేసి వీపు చూపిస్తాడు. మా ఆయన రెండు చేతులతో కత్తి ఎత్తినప్పుడు కుడి తుంటి తలుపు తీసినట్టు ఖాళీగా ఉంటుంది. అక్కడ ఎంతమంది కొట్టారో కోటు చెబుతూనే ఉంది. ఆయన మాత్రం నాలుగేళ్లలో ఒక్కసారి కూడా 'తగిలింది' అనలేదు. అజేయుడని పేరు.

ఆ శనివారం సాయంత్రం పళ్ల డాక్టరు సామాను కార్లో వేసుకెళ్లడానికి వచ్చాడు. మర్నాడు పరీక్ష. ఏడాదికోసారి కొత్తవాళ్లు నిలబడి, పై మెట్టువాడిని ఒక్క దెబ్బ కొట్టి, అతని చేత 'తగిలింది' అనిపించుకుంటే తెల్ల నడికట్టు ఇస్తారు. పరాయివాళ్ల ముందు మా ఆయన మెత్తగా ఉంటారు. అందుకని కత్తుల కట్ట అందిస్తూ అప్పుడే అన్నాను.

"రేపు నేనూ నిలబడతానండీ."

"ఎక్కడ?"

"పరీక్షకి."

ఆయన నవ్వారు. "మరి అన్నం ఎవరు వడ్డిస్తారు?"

"పరీక్షయ్యాక నేనే వడ్డిస్తాను."

"దానికెందుకు నాయనా ర్యాంకు, ఇంట్లో ఉన్న ర్యాంకు చాల్లేదా" అన్నారు అత్తయ్య డాక్టరు వైపు తిరిగి.

"నిలబడనివ్వండి సార్, చెల్లెమ్మ సరదాపడుతోంది" అన్నాడు డాక్టరు.

మా ఆయన నన్నొకసారి పైనుంచి కింది దాకా చూశారు. "సరే. కానీ నాతోనే. మనవాళ్లు ఆడమనిషని మొహమాటపడతారు. నాకా మొహమాటం లేదు."

కొత్తవాళ్లకి ఎప్పుడూ నీలం నడికట్టు వాళ్లనే ఎదురు పెడతారు. నలుపుతో ఇంతవరకూ ఎవరినీ నిలబెట్టలేదు. ఆ సంగతి డాక్టరుకీ తెలుసు. కట్ట భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు చీర కొంగు నడుముకి చుట్టి, ఎవరిదో పాత కోటు వేసుకుని నిలబడ్డాను. ఫ్యాక్టరీ గోడ నీడలో కుర్చీ వేయించుకుని అత్తయ్య కూర్చున్నారు. "చెల్లెమ్మా, కళ్లు మూసుకోకండి" అని ఎవరో అన్నారు. కత్తి గరిటె కాదని ఇంకెవరో అన్నారు. నవ్వారు. మా ఆయన కూడా నవ్వుతూనే రెండు చేతులతో కత్తి ఎత్తారు.

నేను తుంటి మీద కొట్టాను. పరుపు దులిపినట్టు చప్పుడైంది. నవ్వులు ఆగిపోయాయి.

"తగల్లేదు" అన్నారాయన.

"అలాగేనండీ" అన్నాను.

రెండోది అక్కడే. తగల్లేదన్నారు. మూడోది ఇంకాస్త గట్టిగా కొట్టాను. ఆయన దగ్గరికొచ్చి "ఏంటే, తమాషాగా ఉందా" అన్నారు నాకు మాత్రమే వినపడేలా. మొహం ఎర్రబడింది. పదిహేడు మంది చూస్తున్నారు, ఒక్కరూ నోరు విప్పలేదు. విప్పకూడదు, నియమం. నేనే రాశాను. నాలుగో దెబ్బకి ఆయన కుడికాలు కొద్దిగా వంగింది. ఒక్క మాట అంటే ఆగిపోయేది. ఆ ఒక్క మాటా అనలేకపోతున్నారు, నేనూ ఆపలేకపోతున్నాను. ఐదో దెబ్బ నడికట్టు కోసం కాదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆరోది కొట్టినప్పుడు నాకు హాయిగా ఉంది, తలనొప్పి తగ్గినప్పటి హాయి. ఏడోసారి ఆయన గొంతు పీలగా వచ్చింది.

"తగల్లేదు."

ఆ మాట అంటూనే మీదికొచ్చేశారు. పిడికి పైన ఒక బెత్తెడు మేర ఫోము ఉండదు, ఒట్టి పైపే. దానితో నా వేళ్ల మీద కొట్టారు. కత్తి జారి పడిపోయింది. తగల్లేదని నేనూ అనొచ్చు. అది ఆలోచించేలోపే నోరు అలవాటుగా అనేసింది.

"తగిలింది."

అందరూ కత్తులు దించారు. నా మాటకి ఆట ఆగడం అదే మొదటిసారి, నేను ఓడిపోయానని.

చప్పట్లు కొట్టారు. మా ఆయన ఊపిరి కూడదీసుకుని "చూశారా, ఇదీ నిజాయితీ అంటే. మా ఆవిడని చూసి నేర్చుకోండి" అన్నారు. మళ్లీ చప్పట్లు. "నడికట్టు ఇవ్వలేను గానీ, గౌరవంగా ఒక కోకు ఇస్తున్నా. ఏడాదికి ఆవిడ తినే బియ్యం. ఎలాగూ పెడుతున్నదేగా." ఈసారి చప్పట్ల కంటే నవ్వులు ఎక్కువ.

తర్వాత వడ్డించాను. కుడిచేతి రెండు వేళ్లు వాచి ముడుచుకోవడం లేదు. "గరిటె సరిగ్గా పట్టుకోవే, ఒలుకుతోంది" అన్నారు అత్తయ్య. పళ్ల డాక్టరు పళ్లెం చాపి గొంతు తగ్గించాడు.

"బాధపడకు చెల్లెమ్మా. రెండేళ్ల క్రితం నాకూ ఇంతే అయింది. అదే తుంటి. ఊరుకున్నాను. ఆ నెల్లోనే ఎరుపిచ్చారు." ఓదారుస్తున్నానే అనుకున్నాడు పాపం. "ఇంకాస్త కూర వెయ్యి."

సాయంత్రం ఇంట్లో మంచం మీద పక్కకి ఒరిగి పడుకున్నారు మా ఆయన. తుంటి వంకాయ రంగు తిరిగింది.

"వేణ్ణీళ్ల కాపడం పెట్టవే."

"దేనికండీ?"

"కనపడట్లేదా?"

"తగల్లేదన్నారు కదండీ. ఏడుసార్లు అన్నారు."

అత్తయ్య గుమ్మంలోకి వచ్చారు. "మొగుడు మూలుగుతుంటే మాటకి మాట చెబుతావా? మనిషివేనా నువ్వు?"

"తగిలినవాళ్లే చెప్పాలి అత్తయ్యా. మనం అనకూడదు."

ఆవిడే వెళ్లి వంటింట్లో డబ్బాలన్నీ తీశారు, పెట్టారు. కాపడం సంచి ఎక్కడ ఉంటుందో ఆ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. నేను నా వేళ్లకి తడిగుడ్డ చుట్టుకుని కూర్చున్నాను.

సోమవారం పొద్దున్న అత్తయ్య స్నానానికి వెళ్లాక ఆయన గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. బాత్రూంలో నీళ్ల చప్పుడు వినిపించేదాకా ఆగి, అప్పుడు మాట్లాడారు.

"సరే. తగిలింది. చాలా?"

"ఎన్నిసార్లు?"

"ఏడు" అన్నారు. ఆయనా లెక్కపెట్టుకున్నారన్నమాట.

నాలుగేళ్లలో నేను వినాలనుకున్న మాట అది. విన్నాక చూస్తే చేతిలో ఏమీ లేదు. పొయ్యికీ పప్పు డబ్బాకీ మధ్య, తల్లికి కూడా వినపడకుండా చెప్పిన మాట. రేపు కాదంటే కాదన్నట్టే.

"ఇక్కడ కాదండీ. ఆదివారం అందరి ముందూ చెప్పండి. ఇన్నేళ్లూ నాకు తగిలినవి కూడా తగిలాయనే చెప్పండి. అప్పటిదాకా నేను కోట్లు ఉతకను, కత్తులు చేయను, వండి తీసుకురాను."

"పిచ్చెక్కిందా నీకు?"

తలుపు మూల కొత్త పైపు ఆనించి ఉంది. ఆయన చేయి అటు వెళ్లింది. వంగబోయేసరికి తుంటి పట్టేసింది, గట్టు పట్టుకుని ఆగిపోయారు. నేను వెనక్కి జరగలేదు. ఆయన తుంటి వైపే చూస్తూ నిలబడ్డాను. ఎక్కడ కొట్టాలో నాకు తెలుసని ఆయనకీ తెలిసింది. చేయి వెనక్కి తీసుకున్నారు.

మంగళవారం కుంటుకుంటూనే ఆఫీసుకి వెళ్లారు. బుధవారం కూడా. గురువారం మధ్యాహ్నం ఆయన పక్క సీటావిడ మా కొట్టుకి వచ్చింది, కొడుకు ప్యాంటు పొట్టి చేయించడానికి. నన్ను గుర్తుపట్టి వెనక గదిలోకే వచ్చేసింది.

"మీవారికిప్పుడెలా ఉందండీ? పాపం, బాత్రూంలో జారిపడ్డారటగా."

ఆ అబద్ధం ఆయన నా దగ్గరే నేర్చుకున్నారు.