పొట్టేలు పొడిచిన రేడియేటరు

సాలొమోను తన కారు మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. తెక్కలకోటలో బాడుగకు తిరిగే కార్లు రెండే రెండు. వాటిలో పెద్దది అతనిది. ఎవరో దొర కంటోన్మెంటులో వదిలిపోయిన పాత కారు అది. పెట్రోలు ఇంజను పూర్తిగా పోయాక దానికి డీజిలు ఇంజను పెట్టించాడు. అప్పట్నుంచి అది కదిలిందంటే ఊరంతటికీ తెలిసిపోయేది. కడగడం, తుడవడం, నట్లు బిగించడం అన్నీ తనే. ముందర రేడియేటరుకు అడ్డంగా ఉండే రేకు జాలీనైతే బూడిదతో తోమి తోమి అద్దంలా మెరిపించేవాడు.

ఆ మెరుపే ఒకరోజు కొంప ముంచింది.

హగరిలోని సర్కారు వ్యవసాయ ఫారంలో మేలైన జొన్న కంకులకు పోటీ పెట్టారు. తెక్కలకోటలో నల్లరేగడి సేద్యం చేయించే సుభద్రమ్మ తన పొలంలోని కంకులు పన్నెండు ఏరి, పంచెలో చుట్టుకుని, సాలొమోను కారులో బయలుదేరింది. మధ్యాహ్నం మూడు గంటలకల్లా అక్కడ ఉండాలి. సగం దూరం పోయాక ఒక పల్లె దగ్గర గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. సాలొమోను ఇంజను ఆపకుండానే బండి నిలిపాడు.

మందలోంచి ఒక పొట్టేలు వచ్చి కారు ముందర నిలబడింది. జాలీలో దానికి ఇంకో పొట్టేలు కనిపించింది. కొమ్ములు ఊపింది. అవతలిదీ ఊపింది. నాలుగడుగులు వెనక్కి వేసి, ఒక్క పరుగున వచ్చి గుద్దింది.

ధడేల్‌మన్న చప్పుడు వెంటే లోపల గరగరమని ఇంకో చప్పుడు. జాలీ నొక్కుకుపోయి, దాని వెనకున్న రేడియేటరు తిరుగుతున్న ఫ్యాను రెక్కలకు తగిలింది. సాలొమోను ఇంజను ఆపి దిగేసరికి వేడినీళ్ళు బుస్సుమని కారిపోతున్నాయి.

గొర్రెల కాపరి వెంకటరామి పరుగెత్తుకొచ్చి పొట్టేలు తల నిమిరాడు. "దీనికేమన్నా అయ్యిందేమో సూడప్పా!"

"దానికా?" అన్నాడు సాలొమోను.

సుభద్రమ్మకు నవ్వు ఆగలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఈడ తగరంతో మాటు ఏసేవాళ్ళు ఎవరన్నా ఉండారా?" అని అడిగింది.

"ఓబమ్మ ఉండాదమ్మా. పెండ్లోళ్ళ ఇంటికాడ బిందెలకు మాట్లు ఏస్తాంది," అన్నాడు వెంకటరామి.

"బిందెలకు మాట్లు ఏసే ఆమె చేతికి నా రేడియేటరా?"

"అట్లయితే నువ్వే ఏసుకోప్పా సాలొమోనూ. నేను ఈడ కూర్చోని సూస్తాంటా," అంది సుభద్రమ్మ.

సాలొమోను చల్లారేదాకా ఆగి, గొట్టాలు ఊడదీసి, రేడియేటరును పసిబిడ్డలా రెండు చేతుల మీద మోసుకుపోయాడు.

ఓబమ్మకు నలభై ఏళ్ళుంటాయి. పెండ్లింటి ముంగిట్లో కొలిమి తిత్తి ఊదుతూ కూర్చుంది. చుట్టూ బిందెలు. రేడియేటరును అటూ ఇటూ తిప్పి గోరుతో గీకింది. "ఇత్తడే. ఇనుమైతే నేను ముట్టేదాన్ని కాదు. పెట్టన్నా ఈడ."

"మెల్లగా అక్కా. సన్న గొట్టాలు."

"సూస్తాండా కదా!"

ఆమె రేడియేటరును పశువుల తొట్టిలో ముంచింది. కిందిగొట్టానికి, నీళ్ళు పోసే మూతికి గుడ్డలు కుక్కింది. పైగొట్టాన్ని సాలొమోనుకు చూపించి, "ఊదు" అంది.

చర్చిలో పాటలు పాడే గొంతు అతనిది, ఊపిరికి కొదవలేదు. బుగ్గలు పొంగించి ఊదాడు. పెండ్లికొచ్చిన ఆడవాళ్ళంతా చుట్టూ చేరి నవ్వసాగారు. మూడుచోట్ల బుడగలు లేచాయి. ఓబమ్మ ఆ మూడింటికీ బొగ్గుతో గుర్తులు పెట్టింది.

తెగిన గొట్టాల కొనలను పట్టకారుతో నొక్కి మూసి, మెరిసేదాకా గీకింది. ఆ తర్వాత పక్కనున్న గొట్టాల మీద తడిగుడ్డలు పరిచింది.

"గుడ్డలెందుకక్కా?"

"సెగ పక్కకు పోతే వాటి మాట్లు గూడా కరిగి ఊడిపోతాయి. ఒకటి ఏసి నాలుగు పోగొట్టుకుందామా?"

సాలొమోను ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. మరింత దగ్గరగా జరిగి గొంతుక్కూర్చున్నాడు. గుడ్డలు ఆరినప్పుడల్లా అడగకుండానే నీళ్ళు చల్లాడు. ఆమె కాల్చిన కడ్డీని తాకించగానే తగరం పాదరసంలా జారి సందులో నిండింది. మూడో మాటు చల్లారాక మళ్ళీ తొట్టిలో ముంచారు. ఈసారి ఎంత ఊదినా ఒక్క బుడగ రాలేదు.

"మూడు గొట్టాలు మూసేసినానన్నా. వేడి తొందరగా ఎక్కుతాది. మెల్లగా పో."

రేడియేటరు మళ్ళీ బిగించుకుని మెల్లగానే పోయారు. రెండుచోట్ల ఆగి నీళ్ళు పోసుకుని హగరి చేరేసరికి నాలుగున్నర. అక్కడ బల్లలు ఎత్తేస్తున్నారు. సుభద్రమ్మ ఒక బల్లను చేత్తో పట్టి ఆపి, తన కంకులు వరసగా పరిచింది. "పొట్టేలుతో యుద్ధం చేసి వస్తాండాము. సూసే పోవల్ల మీరు!" అంది. ఆఫీసర్లు నవ్వుతూ కూర్చుని చూశారు. రెండో బహుమతి ఇచ్చారు. మొదటిది రాలేదని ఆమె ఇల్లు చేరేదాకా సణుగుతూనే ఉంది.

ఆ వారంలోనే సాలొమోను కారును కంటోన్మెంటులో మెకానిక్ ఆర్థర్ దగ్గరికి తీసుకుపోయాడు. జాలీ సరిచేస్తూ ఆర్థర్ మాట్లను వేలితో తడిమి చూశాడు. "ఎవరు ఏసినారప్పా ఇంత నీటుగా?"

"ఓబమ్మ అని ఒకామె ఉండాది," అన్నాడు సాలొమోను. తనే వేసినంత గర్వంగా ఉంది అతనికి.

"నా దగ్గర మూడు రేడియేటర్లు పడున్నాయి. పిలుచుకొనిరా ఆమెను."

మరుసటి శనివారం సాలొమోను పల్లెకు పోయి, ఓబమ్మను తిత్తితో సహా కారెక్కించుకొచ్చాడు. ఆర్థర్ మూడు రేడియేటర్లూ ఆమె ముందు పెట్టాడు. సాయంత్రానికి రెండు బాగుచేసింది. మూడోదాన్ని తట్టి చూసి పక్కకు నెట్టింది.

"ఇది పొడైపోయిందప్పా. ఎన్ని మాట్లు ఏసినా నిలబడదు. కొత్తది తెప్పించుకో."

ఆర్థర్ ఆమె మాట మీదే కొత్తదానికోసం ఆ సాయంత్రమే బొంబాయికి ఉత్తరం రాశాడు.