పెద్దక్కకి సెకండాఫ్

ఎడిటరమ్మ రోజూ లాగే ఆ రోజూ పొద్దున్నే గది తాళం తీసి, చీపురు పట్టి ఊడ్చి, పొడిగుడ్డతో తెర తుడిచింది. పని చేసే చోటు శుభ్రంగా లేకపోతే పనీ శుభ్రంగా ఉండదని ఆమె నమ్మకం. అప్పటికే ఇంట్లో వంట చేసి, తమ్ముడి చొక్కాలు ఇస్త్రీ చేసి, వాడి టిఫిను మూతపెట్టి వచ్చింది. ఆ తమ్ముడే ఈ సినిమాకి దర్శకుడు. దొరగారు ఇంకా నిద్ర లేవలేదు.

సోఫాలో పెద్దక్క కూర్చుని ఉంది.

"ఇంకా ఇక్కడేనా?" అంది ఎడిటరమ్మ విసుగ్గా.

"నువ్వు తిన్నావా నాన్నా?" అంది పెద్దక్క.

పెద్దక్క ఆ సినిమాలో మనిషి. ఆ వేషం వేసిన నటి వేరే షూటింగులో ఉంది. ఈవిడ అచ్చంగా సినిమాలోని పెద్దక్కే. ఫస్టాఫ్ అంతా ఇస్త్రీ దుకాణంలో చెమటోడ్చి తమ్ముణ్ణి, అంటే హీరోని, చదివిస్తుంది. వాడికి ఉద్యోగం వస్తుంది. వాణ్ణి మొదటి రోజు బస్సెక్కించి, ఇంటికొచ్చి గిన్నెలు కడిగి, తలుపుకి ఆనుకుని నిలబడుతుంది. అప్పుడు ఆవిడ ముఖం మీద 'విశ్రాంతి' అని అక్షరాలు పడతాయి. సోమవారం ఆ అక్షరాలు పడగానే పెద్దక్క తడిచేతులు తుడుచుకుంటూ తెర దిగి వచ్చి, నిర్మాత కోసం వేయించిన సోఫాలో కూర్చుంది. అంతే. సెకండాఫ్‌లోకి వెళ్లలేదు.

నిర్మాతకి ముందు తన సోఫా పోయినందుకు కోపం వచ్చింది. తర్వాత విడుదల తేదీ గుర్తొచ్చి ముక్కాలి పీట లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, పోస్టర్లు అంటించేశాం. మీరిలా కూర్చుంటే నేను రోడ్డున పడతాను. ఆ నాలుగు సీన్లూ చేసి వచ్చి మళ్లీ కూర్చోండి, ఎవరొద్దన్నారు?"

"ఎండలో తిరక్కు, నల్లబడిపోతావు," అంది పెద్దక్క. దర్శకుడు రాసిన మాటలు తప్ప ఆవిడకి వేరే మాటలు లేవు.

"పోనీ మీకేం కావాలో చెప్పండి."

"నాకేం వద్దు."

నిర్మాత తల పట్టుకుని లేచిపోయాడు. పోతూ పోతూ ఎడిటరమ్మతో, "శుక్రవారానికి సినిమా అతుక్కోవాలమ్మా. మీ ఇంటి మనిషే తీశాడు, మీరే అతికించాలి," అని అంటించి మరీ పోయాడు.

ఆ శుక్రవారం ఇదే. ఎడిటరమ్మకి ఈ రోజే ఇంకో గడువు కూడా ఉంది. దూరపు ఊళ్లో ఎడిటింగ్ నేర్పే బడి ఒకటుంది. అక్కడి పెద్దాయన ఆమెను పాఠం చెప్పడానికి రమ్మని ఇదివరకు రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ తమ్ముడి సినిమా ఉందని రానంది. ఈసారి ఆయన, "ఇదే ఆఖరుసారమ్మా. శుక్రవారం ఫోన్ చేస్తాను. కాదంటే ఇంకొకరిని పెట్టుకుంటాం," అని తేల్చేశాడు. కాదనే చెప్పాలని ఆమె అనుకుంది. అనుకున్నప్పటి నుంచీ ఎందుకో ప్రతి చిన్నదానికీ చిర్రెత్తుకొస్తోంది.

వారమంతా ఆమె చేయని ప్రయత్నం లేదు. విశ్రాంతి అక్షరాల్ని ముందుకు జరిపి విలన్ ముఖం మీద వేసింది. విలన్ కదల్లేదు గానీ పెద్దక్క ఎప్పటిలాగే తన తలుపు దగ్గరికి రాగానే దిగి వచ్చేసింది. సెకండాఫ్ మొదట్లో చిన్ననాటి ముచ్చట పెట్టింది. పెద్దక్క ఆసక్తిగా చూసింది, లేవలేదు. హీరో "అక్కా!" అని అరిచే షాట్‌ని నాలుగుసార్లు వరసగా అతికించింది. పెద్దక్క లేచి తెర అంచుదాకా వెళ్లి, "నువ్వు తిన్నావా నాన్నా?" అని అడిగి, తిరిగొచ్చి కూర్చుంది. ఆవిడ లేని సెకండాఫ్ నడుస్తుంటే చూడ్డానికే సిగ్గుగా ఉంది. హీరో తలుపు తోసి "అక్కా" అంటాడు, ఖాళీ గది. చెయ్యి చాపుతాడు, మంచినీళ్లిచ్చేవాళ్లు లేరు. చివర్లో హీరో మీదికి కత్తి వస్తుంది. అడ్డం పడాల్సిన మనిషి లేదు.

తమ్ముడు తీరిగ్గా పదకొండింటికి వచ్చాడు.

"ఏమైంది అక్కా, వెళ్లిందా?"

"కళ్లు కనిపించట్లేదా?"

వాడు పెద్దక్కని చూసి నిట్టూర్చాడు. "క్లైమాక్స్ అంతా ఈవిడ చావు మీదే ఉందక్కా. చావడానిక్కూడా రాకపోతే ఎలా?"

"కూర్చో. ఈ రోజు మొదట్నుంచీ విప్పి చూద్దాం," అంది ఎడిటరమ్మ.

సీనుకొక అట్టముక్క చొప్పున గోడ మీద వరసగా గుచ్చింది. సినిమా కథ మొత్తం ఒక్క చూపులో కనిపించింది. ఒక్కో అట్ట మీద వేలు పెట్టి అడగడం మొదలుపెట్టింది.

"ఈ సీను ఎందుకొచ్చింది?"

"ముందు సీను అయిపోయింది కాబట్టి."

"వెటకారమా?"

"లేదక్కా, నిజంగానే. అది అయిపోయింది, ఇది వచ్చింది."

"అయిపోతే సీను మారుతుందిరా, కథ కదలదు. ఎవరికో ఏదో కావాలి. దానికోసం వాళ్లు ఏదో చెయ్యాలి. చేసినదాని వల్ల ఇంకోటి జరగాలి. అదీ కథంటే. హీరోకి ఏం కావాలి?"

"ఉద్యోగం. తర్వాత ఆ పిల్ల."

"విలన్‌కి?"

"హీరో చావు."

"పెద్దక్కకి?"

వాడు తడుముకోకుండా, "తమ్ముడి సుఖం," అన్నాడు.

"అది వాడికి కావలసింది. ఆవిడకేం కావాలని అడుగుతున్నాను."

"ఆవిడకేం వద్దక్కా! అదే కదా ఆవిడ గొప్పతనం!"

"ఏమీ అక్కర్లేని మనిషి ఎందుకు లేస్తుంది? ఎక్కడికి వెళ్తుంది? ఫస్టాఫ్‌లో ఆవిడ పని అయిపోయింది, విశ్రాంతి అన్నావు, కూర్చుంది. సెకండాఫ్‌లో కత్తిపోటు తప్ప ఆవిడకి నువ్వేం దాచిపెట్టావు?"

వాడికి ఉక్రోషం వచ్చింది. "అక్కంటే అలాగే ఉంటుంది!"

"ఎవరు చెప్పార్రా?"

"నిన్ను చూసే రాశాను కదా! పుట్టి బుద్ధెరిగాక నాకిది కావాలి అని నువ్వొక్కసారి అడగ్గా విన్నానా? అడిగితే రాసేవాణ్ణి!"

పెద్దక్క ఇద్దరి వంకా చూసి, "గొడవపడకండి, చల్లారిపోతుంది," అంది. అది సినిమాలో అన్నం ముందు చెప్పే మాట.

ఎడిటరమ్మకి ముందు తమ్ముణ్ణి చాచి కొట్టాలనిపించింది. తర్వాత, వాడు అబద్ధం ఆడలేదని తెలిసింది. ఆమె ఎన్నడూ అడగలేదు. అడక్కపోవడమే మంచితనమనుకుని, ఆ మంచితనాన్ని రోజూ ఇస్త్రీ చేసి మడతపెట్టుకుంది. ఎప్పుడూ అడగని మనిషి పక్కన పెరిగినవాడు ఇవ్వడం ఎక్కడ నేర్చుకుంటాడు? వాడి బద్ధకంలో సగం పాలు తనదే. ఇది ఒప్పుకోవడం కష్టంగా ఉంది. కానీ తప్పు ఎక్కడుందో తెలిశాక కళ్లు మూసుకోవడం ఆమెకి చేతకాదు.

పనికిరావని తను కోసి పారేసిన షాట్లన్నీ తెరిచింది.

అందులో బస్టాపు షాట్ ఒకటుంది. తమ్ముణ్ణి ఎక్కించుకుని బస్సు వెళ్లిపోతుంది. పెద్దక్క ఇంటివైపు తిరగాలి. తిరగదు. ఎదురువైపు నుంచి ఇంకో ఊరి బస్సు వచ్చి ఆగుతుంది. దాని మీద రాసిన ఊరిపేరు పెద్దక్క పెదవులు కదుపుతూ చదువుతుంది. ఒక అడుగు ముందుకేస్తుంది. బస్సు కదిలిపోతుంది. 'కథకి అడ్డం' అని ఎడిటరమ్మే దాన్ని కత్తిరించింది. మంచి అక్క వేరే ఊరి బస్సు వంక చూడదని ఆమెకి ఎవరూ చెప్పకుండానే తెలుసు మరి.

ఆ షాట్ తీసుకెళ్లి విశ్రాంతికి ముందు అతికించింది.

"అక్కా, ఏం చేస్తున్నావు? అది వేస్టు షాట్!"

"నోర్మూసుకుని చూడు."

సినిమా నడిచింది. తెర మీద బస్సు బోర్డు కనబడగానే సోఫాలో పెద్దక్క నిటారుగా కూర్చుంది. 'విశ్రాంతి' పడింది, పోయింది. సెకండాఫ్ మొదలవగానే లేచింది. దిండు సరిచేసింది, తెర అంచు పట్టుకుని లోపలికి అడుగుపెట్టింది. తలుపు మూసి, తాళం కిటికీలో పెట్టి, బస్టాపుకి నడిచింది. ఎదురువైపు బస్సు వచ్చింది. ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. బస్సు వెళ్లిపోయింది.

"పోయింది!" అని కేకపెట్టాడు తమ్ముడు. "నా సినిమాలోంచి పోయింది!"

"సినిమాలోంచి కాదు. ఇంట్లోంచి."

ఆ తర్వాత వచ్చినవన్నీ వారమంతా చూసిన షాట్లే. కానీ ఇప్పుడు వాటికి కారణం ఉంది, వాటంతటవే ముందుకు కదిలాయి. హీరో తలుపు తోసి "అక్కా" అంటే ఆ ఖాళీ గది గుండెకి తగిలింది. చాపిన చెయ్యి అలాగే ఉండిపోయి, కాసేపటికి తనే వెళ్లి నీళ్లు ముంచుకుంది. చివర్లో కత్తి వచ్చింది. హీరో అలవాటుగా తలుపు వంక చూశాడు. ఎవరూ రాలేదు. అప్పుడు జీవితంలో మొదటిసారి తన కాళ్ల మీద తనే పక్కకి తప్పుకున్నాడు.

"నేనిలా రాయలేదు," అన్నాడు తమ్ముడు.

"రాయలేదు. అందుకే అతుక్కోలేదు."

అప్పుడే ఫోన్ మోగింది. బడి పెద్దాయన. "ఏమంటారమ్మా?" అని అడిగాడు, కాదంటుందని ముందే తెలిసిన గొంతుతో.

ఎడిటరమ్మ నోరు తెరిచింది. అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, "నాకు ఆ ఉద్యోగం కావాలండీ," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "సోమవారం వస్తాను."

ఫోన్ పెట్టేశాక తమ్ముడు ఆమె వంక చూళ్లేదు. "మరి నా తర్వాతి సినిమా?" అని గొణిగాడు.

"తీస్తావు."

"ఎవరు కోస్తారు?"

ఆమె గోడ మీది అట్టముక్కలు ఒక్కొక్కటీ తీసి కట్టకట్టడం మొదలుపెట్టింది. తెర మీద సెకండాఫ్ మళ్లీ మొదటి నుంచి నడుస్తోంది. హీరో చీకటి వంటింట్లో పొయ్యి ముందు నిలబడి, ఒక్కో డబ్బా మూతా తీసి చూస్తున్నాడు.

దర్శకుడు చాలాసేపు వాణ్ణే చూశాడు.

"అక్కా," అన్నాడు నెమ్మదిగా, "మనింట్లో అగ్గిపెట్టె ఎక్కడుంటుంది?"

చెప్పబోయి ఆగిపోయింది ఎడిటరమ్మ.

"వెతుక్కో నాన్నా," అంది.