ఆరు నెలల ఉప్పు

కాగే నూనెలో పొట్టిరొయ్యల అట్టు పడ్డ చప్పుడు. వెంటనే వాసన.

స్పెయిన్‌లో సముద్రం ఒడ్డునున్న మా కాదిజ్‌లో ఆదివారం మధ్యాహ్నం ఆ వాసనతోనే మొదలవుతుంది. తూర్పుగాలి వీస్తోంది. బల్లల మీద పరిచిన కాగితాలు ఎగరబోతున్నాయి, క్లిప్పులు పట్టి ఆపుతున్నాయి. నారింజ చెట్ల కింద ఆరు బల్లలు... ఒబ్దూలియత్త హోటలంటే అంతే. లోపల వంటగది. వంటగదికి బయటివైపు ఒక చిన్న కిటికీ.

ఆ కిటికీని నేను మరిచిపోయాను.

నేను ఆ పేట పోస్ట్‌మాన్‌ని. పేరు లెయాంద్రో. ఇరవై రెండేళ్లుగా ప్రతి గుమ్మమూ తెలుసు. ఏ కవరు చూస్తే ఎవరి చెయ్యి వణుకుతుందో తెలుసు. తెలిసింది కడుపులో దాచుకోవడమే నా ఉద్యోగం.

మార్చిలో ఒబ్దూలియత్తకి జ్వరమొచ్చింది. తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ నాలుక మీది రుచిని పట్టుకుపోయింది. ఒక ఉదయం ఆమె గుప్పెడు రాళ్ల ఉప్పు నోట్లో వేసుకుని, వేయించిన శనగల్లా నమిలి, ఏమీ తెలియక గోడకేసి చూస్తూ నిలబడిపోవడం కూతురు నియెవెస్ కంట పడింది.

అత్త ఎవరికీ చెప్పలేదు. నియెవెస్ ఇంటింటికీ తిరిగి చెప్పింది. మా గుమ్మంలో నిలబడి నా రెండు చేతులూ పట్టుకుంది.

“అన్నయ్యా, అమ్మ ముందు ఎవరూ నోరు జారొద్దు. వంట మానెయ్యమంటే ఆవిడ బతకదు. రుచి తిరిగొస్తుందన్నాడు డాక్టరు. అందాకా... కాస్త ఓర్చుకుని తినండి.”

ఓర్చుకున్నాం. పేటంతా ఓర్చుకుంది.

ఒకరోజు చప్పిడి. ఒకరోజు ఉప్పు కషాయం. భయం పట్టిన చెయ్యి వేసిన ఉప్పే మళ్లీ వేసేది. పాలకూర శనగలు తిని మంచినీళ్లు తాగేవాళ్లం. బంగాళాదుంపలు తిని మంచినీళ్లు తాగేవాళ్లం. గాస్పర్ మామకి డెబ్బై ఎనిమిదేళ్లు. బతుకంతా చేపల పడవ మీద గడిపినవాడు. బీపీ మనిషి. రోజూ వచ్చేవాడు, రోజూ ప్లేటు ఊడ్చేవాడు.

“నలభై ఏళ్లు సముద్రం మింగాను. దీనికి చస్తానా?” అనేవాడు గొంతు తగ్గించి.

నవ్వేవాళ్లం. మేమూ గొంతు తగ్గించే.

ఆ ఆదివారం... సెప్టెంబరు నెల. మా అమ్మాయి చేసుకోబోయే కుర్రాడి తల్లిదండ్రులు మాద్రిద్ నుంచి వచ్చారు. పిల్లలిద్దరూ సముద్రం ఒడ్డుకి వెళ్లారు. మిగిలింది వాళ్లిద్దరూ, నేనూ మా ఆవిడా. కాబోయే వియ్యంకుడు ఫెర్మిన్ గారు పెద్ద నోటరీ. ఆయన బూట్లలో మన మొహం కనిపిస్తుంది.

“మీవాళ్లు ఎక్కడ తింటారో అక్కడే తిందాం బావగారూ,” అన్నాడు.

తప్పించుకోలేకపోయాను.

అట్లు వచ్చాయి. పలచగా, జల్లెడలా, అంచులు కరకరలాడుతూ...

ఫెర్మిన్ గారు కొరికాడు. ఆగాడు. గ్లాసెత్తి గటగటా నీళ్లు తాగాడు. ఆయన భార్య కాగితం రుమాలు పెదాలకి అద్దుకున్నట్టే అద్దుకుని, నోట్లో ముక్కని అందులోకి వదిలేసింది. ఇద్దరూ మర్యాదగా నవ్వారు.

ఆ మర్యాద నన్ను కాల్చింది.

వీళ్ల బతుకింతే, వీళ్ల రుచి ఇంతే అని ఆయన అనుకుంటున్నాడు — అనుకుంటున్నాడని నేననుకున్నాను.

“ఏమనుకోకండి బావగారూ,” అన్నాను, అందరికీ వినపడేలా. “మా ఒబ్దూలియత్త నాలుక మార్చిలోనే కాలం చేసింది. ఆ చావు కబురు ఉత్తరం ఆవిడ చేతికింకా అందలేదు, వండుతూనే ఉంది. తప్పు పోస్ట్‌మాన్‌దే!”

ఫెర్మిన్ గారు పగలబడి నవ్వాడు. నా భుజం తట్టాడు.

ఆ తట్టడం బాగుంది.

అదే ఇప్పటికీ మింగుడుపడదు... బాగుంది.

మా ఆవిడ నవ్వలేదు. పక్క బల్ల దగ్గర గాస్పర్ మామ ఫోర్కు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. నియెవెస్ ట్రే పట్టుకుని నిలబడిపోయింది. ట్రేలో గ్లాసులు సన్నగా మోగాయి.

కిటికీలో నూనె చప్పుడు ఆగింది.

అత్త బయటికొచ్చింది. చేతులకి పిండి. ఎంత విందో తెలియదు. నేరుగా గాస్పర్ మామ దగ్గరికి వెళ్లింది.

“ఉప్పెలా ఉంది?”

“ఎప్పట్లానే ఉందమ్మా. అమృతం.” అట్టు మొత్తం నోట్లో కుక్కుకున్నాడు. నమిలాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంకో బల్ల. “బాగుంది.” ఇంకో బల్ల. “బాగుంది ఒబ్దూలియా.”

నా దగ్గరికి వచ్చింది.

“నువ్వు చెప్పరా లెయాంద్రో.”

“ఎక్కువైంది అత్తా.”

“ఎంత?”

“తినలేనంత.”

“ఎన్నాళ్లబట్టి?”

చెప్పాను. ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతుల పిండి కేసి చూసుకుంది. తర్వాత తలెత్తింది.

“ఆరు నెలలు! పసిపిల్ల మట్టితో రొట్టె చేసిస్తే ఆహా అంటూ తింటారే... అలా తిన్నారా నా వంట? ఏమే నియెవెస్, నువ్వు కూడానా?”

నియెవెస్ ఏడుస్తోంది.

అత్త లేచింది. పిండిచెయ్యి నా తల మీద పెట్టింది.

“ఈ పేట మొత్తం మీద నన్ను వంటమనిషిగా చూసింది వీడొక్కడే. మొహం మీద నిజం చెప్పాడు.”

గాస్పర్ మామ నా వైపు చూశాడు. ఆ చూపుకి తల దించుకున్నాను. అత్త చెయ్యి నా తల మీదే ఉంది. బరువుగా... వెచ్చగా...

పెళ్లి ఖాయమైంది. నా చమత్కారాన్ని ఫెర్మిన్ గారు మాద్రిద్‌లో కనపడ్డవాళ్లందరికీ చెప్పి నవ్విస్తున్నాడట.

ఇప్పుడు రోజూ పదకొండింటికి, ఉత్తరాలు సగం పంచాక, వంటగదిలోకి వెళతాను. అత్త పిలుస్తుంది. గరిటెతో అందిస్తుంది. “ఇంకో చిటికెడు,” అంటాను. “చాలు,” అంటాను. వంట మళ్లీ వంటలా ఉంది. బల్లలు నిండుతున్నాయి. గాస్పర్ మామ వస్తాడు, తృప్తిగా తింటాడు, నన్ను పలకరించడు.

నిన్న ఇక ఉండలేకపోయాను.

“అత్తా... ఆ రోజు నేనన్నది నిజం కోసం కాదు. వాళ్లు నవ్వుతారని...”

ఆమె తల తిప్పలేదు. కుండలోంచి శనగలు తీసింది. ఊదింది. గరిటె నా నోటి ముందు పెట్టింది.

“కబుర్లు తర్వాత. రుచి చూడు.”

నోరు తెరిచాను.

“సరిపోయింది,” అన్నాను.