పచ్చ గౌను

బస్టాండులో మైకు దగ్గర కూర్చునే నాకు, తప్పిపోయినవాళ్ళ కన్నా వెతికేవాళ్ళతోనే తలనొప్పి. ఆ సాయంత్రం ఒక భార్యాభర్తలు రొప్పుతూ వచ్చారు. ఆరింటి బస్సెక్కాల్సినవాళ్ళు. మూడేళ్ళ కూతురు కనిపించడం లేదట.

"ఏం బట్టలు వేశారు?"

"పచ్చ గౌనండీ," ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

వెంటనే మైకులో చెప్పేశాను. చెప్పాక అనుమానం వచ్చింది. "ఇంతకీ ఏ పచ్చ?"

"ఆకుపచ్చ," అంది తల్లి.

"పసుపుపచ్చ," అన్నాడు తండ్రి.

"తొడిగింది నేను కదా!"

"బొత్తాలు పెట్టింది నేను."

"ఈయనకు పసుపు పిచ్చండీ. గేటుకు కూడా అదే వేయించారు."

"నీ కళ్ళకు మొక్కలు తప్ప ఇంకేమైనా ఆనుతాయా?"

నాకు ఒళ్ళు మండింది. బస్సులు ఒక్కొక్కటే కదులుతున్నాయి. పిల్ల ఏ బస్సెక్కిందో తెలియదు. వీళ్ళేమో రంగుల పంచాయితీ పెట్టారు. ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారనుకున్నాను. కానీ ఇద్దరి ముఖాల్లోనూ నెత్తురుచుక్క లేదు.

ఇంతలో పార్సిల్ ఆఫీసు గుమాస్తా ఫోన్ చేశాడు. "ఇక్కడో పాప ఉందక్కా. నువ్వు చెప్పిన పాప కాదులే, ఇది తెల్ల గౌను."

"వాళ్ళమ్మ ఎలా ఉంటుందో అడుగు."

"అడిగా. చీర రంగు తెలీదట. అమ్మ సంచిలో కుందేలుంది అంటోంది, అంతే."

వెనక్కి తిరిగాను. తల్లి కట్టుకున్న ఎర్రచీర కళ్ళు చెదిరేలా ఉంది. భుజాన సంచిలోంచి గుడ్డ కుందేలు చెవి వేలాడుతోంది. ఇంతసేపూ నా ఎదుటే ఉన్నా నేనూ చూడలేదు.

ముగ్గురం పరుగెత్తాం.

తెల్ల గౌనే. దాని నిండా పసుపు పూలు, వాటి మధ్య సన్నని ఆకుపచ్చ తీగలు. తల్లి పిల్లను వాటేసుకుని భోరుమంది. తండ్రి గౌను అంచు వేళ్ళతో పట్టుకుని, "తెలుపే," అన్నాడు మెల్లగా. "మనమే కదే కొన్నాం."



పొద్దుటి నుంచీ కళ్ళెదుటే తిరిగిన పిల్ల. ఆయన కంట్లో పూలే నిలిచాయి, ఆమె కంట్లో ఆకులే. ఇద్దరూ నిజమే చెప్పారు. ఆ నిజంతోనే పిల్లను పోగొట్టుకోబోయారు.

ఇద్దరూ ఆ గచ్చు మీదే చతికిలబడి, పిల్ల నుదురు, చెవులు, మోకాలి మీది గీత, ఒక్కొక్కటే తడుముతూ కొత్తగా చూసుకోసాగారు. వాళ్ళ ఆరింటి బస్సు కదులుతోందని చెప్పాల్సింది నేనే. నోరు రాలేదు.